బ్యాంజో కాని బ్యాంజో

ముంబైలో గణపతి ఊరేగింపులకు బ్యాంజో ఉండి తీరాలి. ఆ వాద్యం పేరుతోనే 2016లో రితేశ్ దేశ్‌ముఖ్ హీరోగా ఒక హిందీ సినిమా కూడా వచ్చింది. తమాషా ఏమిటంటే, ఆ బ్యాంజోకీ అమెరికావాళ్ళ బ్యాంజోకీ బీరకాయపీచు చుట్టరికం కూడా లేదు. దీనికి తోలు లేదు, పొడుగాటి మెడ లేదు. ఇది పుట్టింది జపాన్‌లో, అదీ టైప్‌రైటర్ని చూసి!

మా కాణిపాకంలో చవితికి మొదలై 21 రోజులు సాగే బ్రహ్మోత్సవాల్లో స్వామి వాహనం ముందు మోగేవి నాదస్వరం, డోలు. బ్యాంజోకి అక్కడ పీట వేయలేదు. అది గుడి బయటి వాద్యం. భజన గుంపుల్లో, ఖవాలీ కచేరీల్లో, బుల్‌బుల్ అనే పేరుతో పిల్లల చేతుల్లో బతికింది. ఒళ్ళో పట్టేంత చెక్కపెట్టె, మీద ఉక్కుతీగలు, వాటిపైన వరసగా గుండ్రటి మీటలు. ఎడమచేత్తో మీట నొక్కితే తీగ మెట్టుకు అదుముకుంటుంది, కుడిచేత్తో చిన్న బిళ్ళ పట్టుకుని మీటడమే. వేలు స్వరస్థానం కోసం తడుముకోవాల్సిన పని లేదు.

ఈ ఆలోచన మొరితా గోరోది. ఊరు నగోయా, ఏడాది 1912. ఆయన యూరప్, అమెరికాలు తిరిగివచ్చిన వాద్యకారుడు. జపాన్‌లో అప్పటికే రెండు తీగల కోతో ఉండేది. తీగ మీద వేలు జార్చుతూ వాయించాలి, చెయ్యి తిరగడానికి ఏళ్ళు పడుతుంది. ఆ తీగల నెత్తిన గోరో టైప్‌రైటర్ మీటలు ఎక్కించాడు. లోయరు, హయ్యరు పాసవడానికి టైపు ఇన్‌స్టిట్యూట్ల చుట్టూ తిరిగిన మన తరానికి ఇందులోని గడుసుదనం ఇట్టే తెలుస్తుంది. మీటకో అంకె వేసి, ఆ అంకెల్లోనే పాట రాసిచ్చారు. స్వరలిపి రానివాళ్ళు కూడా ఇంట్లో కూర్చుని వాయించేశారు. ఆ ఏడే తైషో చక్రవర్తి గద్దెనెక్కాడు కాబట్టి వాద్యం తైషోగోతో అయింది. సంగీతమంటే ఏళ్ళ తరబడి గురువు కాళ్ళ దగ్గర పడివుండటమే అనుకునే రోజుల్లో, కొనుక్కుని ఇంటికెళ్ళి వాయించుకోమన్న మనిషి గోరో. ఆయనంటే నాకు పక్షపాతం, దాచుకోను.

అక్కడినుంచి ఓడలెక్కి ఇండియాకు, బాలికి, తూర్పు ఆఫ్రికా రేవులకు చేరింది. మన దగ్గర దానికి శ్రుతి తీగలు తోడయ్యాయి. పాట సాగుతున్నంతసేపూ కింద ఒక స్వరం మోగుతూ ఉండకపోతే మన చెవికి తోచదు మరి.

పేరుకు అసలు హక్కుదారైన బ్యాంజోలోనూ ఇలాంటి తీగే ఉంది! మెడ మధ్యలో మొదలయ్యే పొట్టి తీగ, బొటనవేలితో మీటేది, స్వరం మార్చకుండా మోగేది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు సొరబుర్రకు తోలు బిగించి ఆ వాద్యం చేసుకున్నారు. సెనెగల్, గాంబియాల్లోని జోలా జనం వాయించే అకోంటింగ్‌కీ ఇలాంటి పొట్టి తీగే ఉంది. 1680ల చివర జమైకా వెళ్ళిన వైద్యుడు హాన్స్ స్లోన్ అక్కడి బుర్ర వాద్యాల బొమ్మలు వేయించి 1707లో అచ్చేశాడు. 1840ల్లో తెల్లవాళ్ళు మొహాలకు మసి పూసుకుని బ్యాంజోతో రంగస్థలమెక్కారు. వాళ్ళలో పేరుమోసిన జోయెల్ స్వీనీయే ఆ పొట్టి తీగను కనిపెట్టాడని చాలాకాలం చెప్పుకున్నారు. ఆయన 1810లో పుట్టాడు. అంతకు ఇరవై ఏళ్ళ ముందే సౌత్ కరొలైనాలో జాన్ రోజ్ వేసిన నీటిరంగుల చిత్రంలో ఒక నల్లజాతి వాద్యకారుడి చేతిలో ఆ తీగ ఉంది. బుర్ర పోయి చెక్క వలయం వచ్చింది, చేసినవాళ్ళ పేర్లూ పోయాయి. మన కిన్నెర బుర్రలకు మాత్రం ఆలస్యంగానైనా గౌరవం దక్కింది. కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు.

మన మీటల బ్యాంజోలో పోయింది గమకం. రెండు స్వరాల మధ్య జారాలంటే తీగ వేలికి అందాలి. మీట అడ్డొస్తుంది. సరిగ్గా ఈ తప్పే మోపి 1940లో ఆకాశవాణి హార్మోనియంను వెలివేసింది, 1971 దాకా సడలించలేదు. బ్యాంజోను వెలివేసే శ్రమ కూడా ఎవరూ పడలేదు, ఆటవస్తువని పక్కన పెట్టేశారు. నాకు ఒళ్ళుమండేది అక్కడే. ఇదే పెట్టెను బలూచిస్తాన్‌లో పెద్దది చేసి, బెంజూ అని పిలుచుకుని తమ సంగీతానికి ముందు నిలబెట్టుకున్నారు. బెంజూ వాద్యకారుడు బిలావల్ బెల్జియం వాయించింది విని చూడండి, మీటలు ఏం అడ్డొచ్చాయో చెప్పండి. అంతెందుకు, మాండొలిన్‌ను కర్ణాటక సంగీతానికి పనికిరాదన్నవాళ్ళు లేరా? పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ తొమ్మిదేళ్ళ వయసులో, 1978లో, గుడివాడ త్యాగరాజ ఆరాధనలో దాంతో కచేరీ చేసి కూర్చున్నాడు. బుల్‌బుల్ కొనిచ్చిన పిల్లాడికి మాత్రం మనం జనగణమన వచ్చేవరకే ఓపిక పట్టాం.