మన ఇల్లు 'కచ్చా' ఎప్పుడైంది?

నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు సర్వేకి వచ్చినాయన మా అవ్వ ఇల్లు చూసి ఫారంలో "కచ్చా" అని టిక్ పెట్టిండు. కచ్చా అంటే పచ్చిది, గట్టిది కానిది. నేను పుట్టకముందు నుంచి నిలబడ్డ ఇల్లు అది!

నడుమ నిట్టాడు, వెదురు తడికె, దానికి రెండు వైపులా ఎర్రమట్టి, పైన గడ్డి. చూరు బాగా కిందికి దిగి ఉంటది కాబట్టి వాన గోడను కొట్టదు, ఎండ లోపలికి రాదు. వానాకాలం ముందు ఊరంతా కలిసి కప్పుకుంటే ఖర్చు భోజనాలే. కష్టాలు లేవని కాదు. పొయ్యి పొగకి అవ్వ కళ్ళు పాడైనయ్, గడ్డిలో పాములు, నిప్పు భయం, మరుగుదొడ్డి లేదు. మార్చాల్సినవి ఇవే.

కానీ ముందు పోయింది మన సామాను. 1882 మద్రాసు అటవీ చట్టంతో ఏజెన్సీలో అడవి మీద సర్కారు పట్టు బిగిసింది. 1927 భారత అటవీ చట్టం వెదురుని 'చెట్టు' కింద రాసింది. గడ్డి జాతి మొక్క చెట్టెట్లా అయిందో! మనం ఇంటికి నాలుగు బొంగులు తెచ్చుకుంటే కేసు, కాగితం మిల్లులకేమో అదే వెదురు లారీల్లో పోయింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురుని చిన్నతరహా అటవీ ఫలసాయంలో చేర్చింది. 1927 చట్టంలో మార్పు 2017లో గానీ రాలేదు, అదీ అడవి బయట పెరిగే వెదురుకే.

ఇక సర్కారు ఇల్లు. ఇందిరా ఆవాస్ యోజన 1985-86లో మొదలైంది ఎస్సీ, ఎస్టీల కోసం, విడుదలైన వెట్టి కూలీల కోసం. దాని నిబంధనలు చదివితే ఆశ్చర్యపోతారు: కాంట్రాక్టరు ఉండొద్దు, ఒకే నమూనా రుద్దొద్దు, పొగలేని పొయ్యి, మరుగుదొడ్డి ఉండాలి. మా ఊళ్ళో జరిగింది వేరు. అన్నీ ఒకే పెట్టె లాంటి గదులు, పైన సిమెంటు రేకులు. ఎండాకాలం పగలు అందులో మేకలు కూడా ఉండవు.

2016లో పీఎం ఆవాస్ గ్రామీణ్ వచ్చింది. మైదానంలో 1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లో 1.30 లక్షలు. కొండ మీదికి ఇసుక, సిమెంటు మోయించిన వాళ్ళకి తెలుసు ఆ పది వేలు ఏ మూలకి సరిపోతయో. 2023లో మొదలైన పీఎం జన్‌మన్ కింద చెంచు, కోలాం, కొండరెడ్డి లాంటి సమూహాలకి ఇంటికి 2 లక్షలు. మంచిదే. కానీ వెదురు, మట్టి, పెంకుతో గట్టిగా కడతామంటే బిల్లు పాసవుతుందా? గ్రామసభలో మనం అడగాల్సింది ఇదే అని నా అభిప్రాయం.

మా అవ్వకి ఇప్పుడు స్లాబు ఇల్లుంది. దాని ముందు తడికెతో పంచ వేయించుకుంది. వంట అక్కడే, పడక అక్కడే. స్లాబు కింద వడ్ల బస్తాలు.

మీ ఊళ్ళో నిట్టాడు నిలబెట్టడం, తడికె అల్లడం తెలిసిన పెద్దలుంటే వాళ్ళు చేసే పద్ధతి వీడియో తీసి ఇక్కడ పెట్టండి. మా ఊళ్ళో ఇద్దరే మిగిలిండ్రు.