యూదు విద్వేషం: జార్జియా రాష్ట్ర చట్ట నిర్వచనం

లియో ఫ్రాంక్ అనే యూదు కర్మాగార నిర్వాహకుణ్ణి 1915లో అల్లరిమూక ఉరితీసిన రాష్ట్రం అమెరికాలోని జార్జియా. అక్కడ 2024 జనవరి 31న గవర్నర్ బ్రయాన్ కెంప్ సంతకంతో హౌస్ బిల్లు 30 చట్టమైంది. వివక్ష నిరోధక, ద్వేషనేర చట్టాల అమలులో అంతర్జాతీయ హోలోకాస్ట్ స్మారక కూటమి 2016లో ఆమోదించిన యూదు విద్వేష నిర్వచనాన్ని అధికారులు పరిగణనలోకి తీసుకోవాలని ఇది నిర్దేశిస్తుంది. కొత్త నేరమేదీ సృష్టించదు. వివక్ష లేదా దాడి వెనకున్న ఉద్దేశాన్ని తేల్చడానికే ఇది కొలమానం.

వివాదమంతా నిర్వచనానికి జోడించిన 11 ఉదాహరణల చుట్టూనే. వాటిలో పలు అంశాలు ఇజ్రాయెల్‌కు సంబంధించినవి. నిర్వచన ముసాయిదా రచనలో ముఖ్యుడైన కెనెత్ స్టెర్న్ సైతం విశ్వవిద్యాలయాల్లో దీన్ని చట్టంగా ప్రయోగించడాన్ని వ్యతిరేకించారు. ఇజ్రాయెల్‌పై విమర్శను అణచడానికి దీన్ని వాడతారన్న ఆందోళన న్యాయమైనదే. అయితే ఏ దేశంపైనైనా చేసే తరహా విమర్శ ఇజ్రాయెల్‌పై చేస్తే అది విద్వేషం కాదని ఆ నిర్వచన పత్రమే స్పష్టం చేస్తోంది.