అడవి అరటిలోని తేడాలు, ఆదివాసుల చరిత్ర

అడవి అరటిపండును ఒలిస్తే గుజ్జు కొంచెమే, గట్టి నల్లని గింజలే ఎక్కువ. మన పెరటి అరటిలో గింజే కనిపించదు. మొదటిది రెండోదిగా మారడానికి వేల ఏళ్లు పట్టింది. ఆ మార్పు తెచ్చింది అడవిని ఎరిగిన మనుషులు.

పెరటి అరటిని పిలకతో నాటుతాం కాబట్టి తల్లి ఎలా ఉంటే పిల్లా అలాగే ఉంటుంది. అడవి అరటి గింజతోనూ మొలుస్తుంది. అందుకే ఒకే జాతిలోనూ మొక్కకూ మొక్కకూ రంగులో, ఎత్తులో, గెలలో తేడాలు వస్తాయి.

నేడు తినే అరటిరకాల్లో ఎక్కువ భాగం మ్యూసా అక్యుమినేటా, మ్యూసా బాల్బిసియానా అనే రెండు అడవి జాతుల సంతతి. మొదటిదాని బోదె మీద నల్లని మచ్చలు దట్టంగా ఉంటాయి. దాని ఆకుకాడ గాడి విచ్చుకుని ఉంటుంది, పువ్వు డొప్పలు వెనక్కి చుట్టుకుంటాయి. రెండోదాని బోదె మీద మచ్చలు దాదాపు ఉండవు. గాడి మూసుకుని ఉంటుంది, డొప్పలు పైకి లేస్తాయి గానీ చుట్టుకోవు. 1955లో సిమ్మండ్స్, షెపర్డ్ అనే శాస్త్రవేత్తలు ఇలాంటి 15 లక్షణాలకు 1 నుంచి 5 వరకు మార్కులు వేసే పద్ధతి పెట్టారు. మొత్తం 15కు దగ్గరైతే మొదటి జాతి, 75కు దగ్గరైతే రెండోది, మధ్యలో వస్తే రెండింటి సంకరం.

ఈ మార్కులు రాకముందే కొండజనం కంటితో ఆ తేడాలు పట్టుకున్నారు. పాపువా న్యూగినియా కొండల్లోని కుక్ అనే చిత్తడి నేలలో సుమారు 7,000 ఏళ్ల నాటి అరటిసాగు ఆనవాళ్లు దొరికాయి. ఆ నేల నేటికీ కవెల్కా తెగవారిది. 2008లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. గింజ తక్కువ, గుజ్జు ఎక్కువ ఉన్న మొక్కను ఎంచుకుని, దాని పిలకను నాటి, పదిమందికీ పంచిన తరాల వల్లే మన అరటి పుట్టింది.

ఆ ఎంపిక వెనుక ఒక ప్రమాదమూ ఉంది. ఒకే పోలిక ఉన్న మొక్కలకు ఒకే తెగులు చాలు. గ్రోస్ మిషెల్ అనే రకం ఒకప్పుడు ప్రపంచ ఎగుమతి మార్కెట్టును ఏలింది. పనామా తెగులుతో 1960ల నాటికి ఆ మార్కెట్టు నుంచి తప్పుకుంది. తెగులును తట్టుకునే గుణాల కోసం శాస్త్రవేత్తలు అడవి అరటిలోనూ వెతుకుతారు. అడవి పోతే ఆ గుణాలూ పోతాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ కొండమీద అడవి అరటి ఉంటే పీకకండి. బోదె మచ్చలు, ఆకుకాడ గాడి, డొప్ప రంగు, గింజల తీరు చూసి రాసుకోండి. మన భాషలో దాని పేరేమిటో, దేనికి వాడేవారో అవ్వనూ తాతనూ అడిగి పక్కనే రాయండి. ఆ పేర్లలో చాలా ఇంకా పుస్తకాల్లోకి ఎక్కి ఉండకపోవచ్చు. అవి తెలిసినవారు మన ఇళ్లలో ఉండగానే అడగాలి.