ఇంటర్వ్యూ గది బయటి బల్ల



పెద్ద కంపెనీలలో మేనేజరు ఉద్యోగానికి నేటి పిల్లలు ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చునే ఇంటర్వ్యూ ఇచ్చేస్తున్నారు. పూర్వం ఆ గదులలోకి ఎవరు వెళ్ళేవారో, లోపల ఏమి అడిగేవారో నాకు తెలిసినంత రాస్తున్నాను.

దొరల కాలంలో కంపెనీల పెద్ద ఉద్యోగాలు చాలావరకు దొరలకే. 1937లో లీవర్ సంస్థలో చేరిన ప్రకాశ్ టాండన్ ఇంగ్లండులో చార్టర్డ్ అకౌంటెన్సీ చదివి వచ్చినవారు. 1942లో గాని యూనిలీవర్ వారు యూరోపియన్ల స్థానంలో భారతీయులకు తర్ఫీదు ఇవ్వాలని గట్టిగా నిర్ణయించలేదు. 1961లో టాండన్ గారు హిందుస్థాన్ లీవర్‌కు మొదటి భారతీయ ఛైర్మన్ అయ్యేనాటికి 205 మంది మేనేజర్లలో 191 మంది మనవారే.

దొరలు వెళ్ళినా, ఇంటి పరువు చూసి మనిషిని తూచే అలవాటు వెళ్ళలేదని నా అభిప్రాయం. 1978లో నన్ను డిప్యుటేషన్ మీద ఒక ప్రభుత్వ రంగ సంస్థకు పంపారు. అక్కడ మేనేజ్‌మెంట్ ట్రైనీల ఇంటర్వ్యూలు వారం రోజులు జరిగాయి. గది బయటి బల్ల నాది. ఒరిజినల్ సర్టిఫికెట్లు సరిచూడడం, పేరు పిలవడం, బయటికి వచ్చాక రెండవ తరగతి రైలు ఛార్జీ ఇచ్చి రెవెన్యూ స్టాంపు మీద సంతకం తీసుకోవడం నా పని. ఛార్జీ కోసం నిలబడినవారు లోపల జరిగినదంతా చెప్పేవారు.

శ్రీకాకుళం జిల్లా కుర్రవాడొకడు స్నేహితుడి బూట్లు వేసుకుని వచ్చాడు. వెళ్ళిన నాలుగు నిమిషాలకే బయటపడ్డాడు.

"అప్పుడే అయిపోయిందా బాబూ?" అన్నాను.

"అయిపోయిందండీ. నాన్నగారు ఏం చేస్తారన్నారు. కౌలు వ్యవసాయం అన్నాను. ఏ క్లబ్బులో ఆడతావన్నారు. ఇక వెళ్ళమన్నారు."

రాత్రింబవళ్ళు చదివి వచ్చిన బాలన్స్ షీటు మీద ఒక్క ప్రశ్న లేదు. తరువాత వెళ్ళిన ఒక ఆఫీసరు గారి అబ్బాయి అరగంట ఉన్నాడు, నవ్వులు బయటికి వినిపించాయి. జాబితా టైపు చేసినది నేనే. రాతపరీక్షలో మొదటి ఐదుగురిలో ఉన్న ఆ కుర్రవాడు ఇంటర్వ్యూ మార్కులు కలిపేసరికి జాబితా అడుక్కి పోయాడు.

అందుచేతనే 1980 నవంబరులో వెలువడిన అజయ్ హాసియా తీర్పును శ్రద్ధగా చదివాను. అది శ్రీనగర్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ సీట్ల వ్యవహారం. 150 మార్కులలో ఇంటర్వ్యూకే 50. రెండు మూడు నిమిషాలలో తల్లిదండ్రులెవరు, ఊరేది అని అడిగి పంపేశారని విద్యార్థుల ఫిర్యాదు. 15 శాతం మించితే చెల్లదని, సంభాషణ టేపు రికార్డు చేస్తే మంచిదని సుప్రీంకోర్టు చెప్పింది. మిగిలిపోయినవారిలో మెరుగైన 50 మందికి 1981-82లో సీట్లిచ్చేందుకు కాలేజీ ఒప్పుకుంది. అసలు సంగతి మరొకటి ఉంది. ప్రభుత్వం చెప్పుచేతల్లో నడిచే సంస్థలు కూడా సమానత్వపు హక్కుకు కట్టుబడవలసిందేనని ఆ తీర్పు తేల్చింది. కనుక ప్రభుత్వ కంపెనీలకూ తప్పించుకునే దారి లేదు. ప్రైవేటు వారి సంగతి వేరు.

ఉద్యోగాల లెక్క 1985లో తేలింది. హర్యానా సివిల్ సర్వీసు కేసులో జనరల్ అభ్యర్థులకు 22.2 శాతంగా ఉన్న ఇంటర్వ్యూ మార్కులు 12.2 దాటరాదన్నారు. శ్రీకాకుళం కుర్రవాడికి అప్పటికి వయోపరిమితి దాటిపోయి ఉంటుంది.

2016 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వంలో కింది స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలే తీసివేశారు. మేనేజరు స్థాయిలో ఉన్నాయి. మా మనవరాలు ఇంటర్వ్యూ ముగించి లేవగానే, నాన్న ఏం చేస్తారని అడిగారా అమ్మా అంటాను. "అదెందుకు అడుగుతారు తాతయ్యా" అంటుంది.