చంద్రగిరి సీమ మృదుకంఠములు

తిరుచానూరు నుండి తిరుపతి మీదుగా పడమటికి పోయినచో చంద్రగిరి వచ్చును. అచ్చటి కోటను చూడబోవువారు అనేకులు. గాని ఆ ఊరి నుండి బ్రతుకుతెరువుకై మద్రాసు చేరిన కుటుంబములో 1935లో పుట్టిన కృష్ణవేణిని తలంచువారు కొందరే. లోకము ఆమెను జిక్కి అని పిలిచెను. ఆమె భర్తయైన ఏ. ఎం. రాజాయును చిత్తూరు జిల్లా బిడ్డయే. ఆయన 1929లో జన్మించి, పసితనమందే తండ్రిని కోల్పోయి, 1951లో మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో బి.ఏ. ముగించెను.

పూర్వము నాటకములలో పాడువారు వెనుక చాపలమీది జనులకు వినబడునట్లు గొంతెత్తి పాడవలసి యుండెను. మైకు వచ్చిన పిమ్మట ఆ అవసరము తీరెను. ప్రక్కన కూర్చున్నవానితో మాటలాడినట్లు మెల్లగా పాడినను వేలమంది వినగలిగిరి. అమెరికాలో బింగ్ క్రాస్బీ ఈ రీతిగా పాడి పేరొందెను; 1942లో ఆయన పాడిన క్రిస్మసు పాటను నేటికిని పండుగ దినములలో వినుచున్నారు. మన తెలుగున అట్టి మృదువైన కంఠములలో రాజాది ముఖ్యమైనది.

1954లో వచ్చిన ‘విప్రనారాయణ’లో ఆయన అక్కినేని నాగేశ్వరరావునకు పాడెను. మరుసటి యేట ‘మిస్సమ్మ’ వచ్చెను. ఎన్. టి. రామారావునకు ఘంటసాల పాడుట వాడుకయై యుండగా, ఇందులో రాజా పాడెను. సాలూరి రాజేశ్వరరావు సంగీతము, పింగళి నాగేంద్రరావు మాటలు అందుకు తోడాయెను. మేరీ అను క్రైస్తవ యువతియు ఒక హిందూ యువకుడును, ఉద్యోగముకొరకు భార్యాభర్తలమని చెప్పుకొని ఒకే యింట నుండుట ఆ కథ. అందులో మేరీ పాత్ర వహించిన సావిత్రికి పి. లీల పాడిన మరియమ్మ ప్రార్థనయు కలదు. అన్యమతస్థుల యింట నివసించుచున్న ఆ పిల్ల ప్రార్థనను ఎవరును ఎగతాళి చేయలేదు. మన పల్లెలలో రెండు మతములవారు ఒకే వీధిలో బ్రతుకు తీరు ఎరిగినవారికి ఇది చిన్న సంగతి కాదు.

జిక్కి సంగతియు వినుడి. 1948లో ‘జ్ఞానసౌందరి’ అను తమిళ చిత్రములో దేవమాత ప్రార్థన యొకటి కలదు. బాలికగానున్న నాయికకు జిక్కి పాడగా, పెరిగిన నాయికకు పెరియనాయకి ఆ పాటనే అందుకొనెను. చర్చి గడప త్రొక్కని వారును ఆ పాటను నేర్చుకొనిరి.

ఆ దినములలో గ్రామఫోను ప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరిగెడిది. ఒక ప్రక్కన పట్టినది సుమారు మూడు నిమిషముల పాట మాత్రమే. ప్లేట్లు పగిలినవి, పెట్టెలు మూలబడినవి; రేడియో, టేపు, అటుపిమ్మట చేతిలోని ఫోను వచ్చినవి. పాట మాత్రము ఒకదానినుండి మరియొకదానికి నడిచి వచ్చెను.

గాయకుని బ్రతుకు అంత సుళువుగా నడువలేదు. రాజా 1958లో ‘శోభ’కును, 1960లో ‘పెళ్లికానుక’కును సంగీతము కూర్చెను. అటుపిమ్మట అవకాశములు తగ్గినవి. 1989 ఏప్రిల్‌లో, కచ్చేరికై పోవుచు, తమిళనాట రైలు ప్రమాదమున మరణించెను. జిక్కి 2004లో కన్నుమూసెను.

అట్లైనను ఆ పాటలేల నిలిచినవి? అవి వినువానిని బెదరించలేదు. అతని ప్రక్కన కూర్చున్నవి. ప్రతి మాటయు స్పష్టముగా పలుకబడెను గనుక చదువురాని తల్లియు వాటిని నేర్చుకొనగలిగెను. నేడు మన సంఘములలో పెద్ద పెట్టెలు పెట్టి, ప్రక్క ఊరికి వినబడవలెనని కీర్తనలు పాడుచున్నాము. ప్రక్క ఊరికి మ్రోత చేరును గాని మాట చేరుచున్నదా? ప్రియ చదువరులారా, వచ్చు ఆదివారము ఒక కీర్తనయైనను మెల్లగా, మాట మాట తెలియునట్లు పాడి చూడుడి. వెనుక వరుసలోని ముసలమ్మ పెదవులును కదలునేమో గమనించుడి.