యాంటీవైరస్ ఎంపిక: తెలుగు ఇళ్లలో

కంప్యూటర్‌లోకి చొరబడే హానికర ప్రోగ్రాములను పసిగట్టి, ఆపి, తొలగించే సాఫ్ట్‌వేర్ యాంటీవైరస్. దీనికి తెలుగులో వేరే పేరు నిలబడలేదు. 'సిస్టమ్‌లో వైరస్ ఉంది', 'యాంటీవైరస్ వేయించాం', 'ఫార్మాట్ కొట్టించాం' అనేవే వాడుక మాటలు. ఇళ్ల విషయంలో 'ఎంపిక' అన్న మాటను కాస్త జాగ్రత్తగా తీసుకోవాలి. ఏ యాంటీవైరస్ ఉండాలో చాలా ఇళ్లలో తేల్చింది యజమాని కాదు, సిస్టమ్ అసెంబుల్ చేసి ఇచ్చిన మెకానిక్.

తొలి దశ

1982లో అమెరికాలో రిచ్ స్క్రెంటా అనే విద్యార్థి ఆపిల్ కంప్యూటర్ల కోసం రాసిన ఎల్క్ క్లోనర్ అనే వైరస్ ఫ్లాపీల ద్వారా పాకింది. ఐబీఎం తరహా పీసీలను తాకిన తొలి వైరస్ 'బ్రెయిన్' 1986లో లాహోర్‌లో పుట్టింది. దాన్ని రాసిన అన్నదమ్ములు బాసిత్, అమ్జద్ ఫరూక్ అల్వీ తమ పేర్లు, చిరునామా అందులోనే పెట్టారు. వైరస్‌లన్నింటినీ తప్పు లేకుండా పట్టే ప్రోగ్రాము ఎవరూ రాయలేరని పరిశోధకుడు ఫ్రెడ్ కోహెన్ 1980లలోనే గణితపరంగా నిరూపించాడు. నూటికి నూరు పాళ్లూ రక్షణ ఇస్తామనే ప్రకటనలు చదివేటప్పుడు గుర్తుంచుకోదగిన ఫలితం ఇది.

మన దేశంలో చెన్నైలో కె7 కంప్యూటింగ్ 1991లో మొదలైంది. పుణెలో కాలిక్యులేటర్లు, కంప్యూటర్లు బాగుచేసే కైలాష్ కాట్కర్, ఆయన తమ్ముడు సంజయ్ కలిసి 1990ల మధ్యలో క్విక్ హీల్‌ను తెచ్చారు. రిపేరు బల్ల దగ్గర పుట్టిన సరుకు కావడంతో, దాన్ని అమ్మినవాళ్లూ చాలావరకు రిపేరు దుకాణాలవాళ్లే అయ్యారు. ఆ దశాబ్దమంతా తెలుగు పట్టణాల్లో కంప్యూటర్ అంటే ఎక్కువగా శిక్షణ కేంద్రాల్లో, డీటీపీ సెంటర్లలో కనిపించే వస్తువే.

తైవాన్‌లో తయారైన సీఐహెచ్ వైరస్ 1999 ఏప్రిల్ 26న హార్డ్‌డిస్క్‌ను చెరిపి, కొన్ని మదర్‌బోర్డుల బయోస్‌ను కూడా పాడుచేసింది. 2000 మేలో 'ఐ లవ్ యూ' అనే ఈమెయిల్ వైరస్ వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 17న అమల్లోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షన్‌లో కంప్యూటర్ వైరస్‌కు నిర్వచనం ఇచ్చింది. ఇతరుల కంప్యూటర్లలోకి దాన్ని ప్రవేశపెట్టడాన్ని నష్టపరిహారానికి లోబడిన తప్పుగా చేసింది.

పెన్‌డ్రైవ్ కాలం

తెలుగు ఇళ్లలో యాంటీవైరస్‌కు నిజంగా గిరాకీ తెచ్చింది ఇంటర్నెట్ కాదు, పెన్‌డ్రైవ్. 2005 తరువాత పాటలు, సినిమాలు, ప్రాజెక్టు రిపోర్టులు, ఫొటోలు అన్నీ దాని మీదే ఊళ్లు తిరిగాయి. విండోస్ ఎక్స్‌పీలో పెన్‌డ్రైవ్ గుచ్చగానే అందులోని 'ఆటోరన్' ఫైలు తనంతట తాను పని మొదలుపెట్టే వీలుండేది. వైరస్‌లు రాసేవాళ్లకు అదే దొడ్డిదారి అయింది. ఫోల్డర్ బొమ్మ తగిలించుకుని వచ్చిన 'న్యూ ఫోల్డర్ డాట్ ఈఎక్స్ఈ' ఆ కాలపు విద్యార్థులకు బాగా తెలుసు. ఫోల్డరే అనుకుని నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకునేది కాదు. తరువాత వచ్చిన షార్ట్‌కట్ వైరస్ అసలు ఫైళ్లను దాచేసి, వాటి పేర్లతో షార్ట్‌కట్లు పెట్టేది. నిజానికి ఫైళ్లు ఎక్కడికీ పోవు. కమాండ్ ప్రాంప్ట్‌లో 'అట్రిబ్' ఆజ్ఞ ఒక్కటి ఇస్తే బయటపడేవి. అది తెలియక పెన్‌డ్రైవ్ ఫార్మాట్ కొట్టించి, ఉన్నదంతా పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. పెన్‌డ్రైవ్‌లో 'ఆటోరన్ డాట్ ఐఎన్ఎఫ్' అనే పేరుతో ముందే ఒక ఖాళీ ఫోల్డర్ పెట్టుకుంటే వైరస్ అదే పేరుతో ఫైలు సృష్టించలేదు. పైసా ఖర్చు లేని ఈ చిట్కా చేతులు మారుతూ పాకింది. చాలా వైరస్‌ల మీద బాగానే పనిచేసింది కూడా.

ఇళ్లలోని ఎక్స్‌పీలో చాలా భాగం కాపీ కొట్టినదే. మెకానిక్ సీడీతో వేసి, అప్‌డేట్లు ఆపేసి ఇచ్చేవాడు. అప్‌డేట్ లేని విండోస్‌కు యాంటీవైరస్ వేయడమంటే చిల్లుల కుండకు మూత పెట్టడమే. 2009 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ 'సెక్యూరిటీ ఎసెన్షియల్స్'ను ఉచితంగా ఇచ్చింది. కానీ విండోస్ అసలైనదైతేనే అది ఎక్కేది. ఉచిత యాంటీవైరస్ అవసరం ఎక్కువున్న ఇళ్లకే అది అందలేదు.

ఆ ఖాళీని చెక్ దేశపు అవాస్ట్, ఏవీజీ, జర్మనీకి చెందిన అవిరా ఉచిత కూర్పులు నింపాయి. డేటాబేస్ అప్‌డేట్ అయిందని అవాస్ట్ ఉన్నట్టుండి గట్టిగా పలకడం, అవిరా గొడుగు బొమ్మ ఆ తరానికి సుపరిచితాలు. డబ్బిచ్చేవారు క్విక్ హీల్, కె7, కాస్పర్‌స్కీ, నార్టన్ పెట్టెలు కొన్నారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో జనం సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ దీనికి పెద్ద బజారు. నెట్ లేని సిస్టమ్‌కు అప్‌డేట్ ఫైలును వేరేచోట దించుకుని తేవాలి. అదీ పెన్‌డ్రైవ్‌లోనే!

నాగర్‌కర్నూల్ జిల్లాలోని కోడేరు వంటి మండల కేంద్రాలకు ఈ చరిత్ర మరో దారిలో చేరింది. 2011 జనగణనలో దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి నూటికి 5 మాత్రమే, నెట్‌తో సహా ఉన్నవి ఒకటి కంటే తక్కువ. అదే ఏడాది నవంబరులో మొదలైన మీ సేవ కేంద్రాలు, జిరాక్స్ దుకాణాలు ఊరివాళ్లకు తొలి కంప్యూటర్లయ్యాయి. వందమంది పెన్‌డ్రైవ్‌లు గుచ్చే జిరాక్స్ కంప్యూటర్ శుభ్రంగా లేకపోతే, ఇంట్లో ఎంత ఖరీదైన యాంటీవైరస్ వేసుకున్నా దానికి పని తగ్గదు.

2011 తరువాత

2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పాత విండోస్‌లలో పెన్‌డ్రైవ్ ఆటోరన్‌ను ఆపేసింది. 2012లో విండోస్ 8తో 'డిఫెండర్' పూర్తిస్థాయి యాంటీవైరస్‌గా లోపలే వచ్చింది.

2017 మే 12న వానాక్రై అనే హానికర ప్రోగ్రాము ప్రపంచాన్ని కుదిపింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో కొన్ని పోలీసు యూనిట్ల కంప్యూటర్లు దాని బారినపడ్డాయి. అది వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మరమ్మతు విడుదల చేసింది.

అదే ఏడాది ఫిబ్రవరి 21న కేంద్రం సైబర్ స్వచ్ఛతా కేంద్రాన్ని ప్రారంభించి, ఉచిత శుద్ధి సాధనాలను అందుబాటులో ఉంచింది. అక్కడ దొరికేవాటిలో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడాక్ హైదరాబాద్ కేంద్రం రూపొందించినవి ప్రత్యేకంగా చెప్పుకోదగినవి. 'యూఎస్‌బీ ప్రతిరోధ్' అనుమతి లేని పెన్‌డ్రైవ్‌ను ఆపుతుంది. 'యాప్ సంవిద్' ముందే ఆమోదించిన ప్రోగ్రాములను తప్ప మరి దేన్నీ నడవనివ్వదు. దొంగల జాబితా రాసుకునే బదులు ఇంటివాళ్ల జాబితా రాసుకోవడం లాంటి ఈ పద్ధతి, నాలుగైదు ప్రోగ్రాములే వాడే ఇంటికి తెలివైనది. అయినా దీనికి రావలసినంత ప్రచారం రాలేదు.

ఎంపిక ఇప్పుడు

మాగ్డెబర్గ్‌లోని ఏవీ-టెస్ట్, ఇన్స్‌బ్రుక్‌లోని ఏవీ-కంపారటివ్స్ అనే స్వతంత్ర పరీక్షా సంస్థలు ఫలితాలను క్రమం తప్పక ప్రకటిస్తాయి. డిఫెండర్ కొన్నేళ్లుగా వాటిలో మంచి మార్కులే తెచ్చుకుంటోంది. కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చే ట్రయల్ గడువు తీరాక వెంటనే డబ్బు కట్టనక్కర్లేదు. ఇతర యాంటీవైరస్ తప్పుకోగానే డిఫెండర్ పని అందుకుంటుంది. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి కాపలా కాస్తే ఒకదానికొకటి అడ్డుపడి సిస్టమ్ నెమ్మదిస్తుంది. ఉచితానికీ ఓ ధర ఉందని 2020 జనవరిలో తేలింది. వినియోగదారులు ఏ సైట్లు చూశారో ఆ సమాచారాన్ని తన అనుబంధ సంస్థ జంప్‌షాట్ ద్వారా అమ్ముతున్నట్టు బయటపడడంతో అవాస్ట్ ఆ సంస్థను మూసేసింది. 'మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని తెరపై వచ్చే హెచ్చరికలు యాంటీవైరస్ పేరుతో నడిచే మోసాలే. డబ్బు పోతే ఫోన్ చేయవలసిన జాతీయ నంబరు 1930.

ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న ముగిసింది. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పెళ్లి పత్రికలు కూర్చే డీటీపీ సెంటర్లు ఎక్స్‌పీని చాలాకాలం వదల్లేదు. చాలా యాంటీవైరస్ సంస్థలు దానికి కొత్త కూర్పులు మానేశాయి. అలాంటి సిస్టమ్‌కు మిగిలిన జాగ్రత్త నెట్ కేబుల్ పీకేసి ఉంచడం, వచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్‌నూ ముందు పక్క కంప్యూటర్‌లో స్కాన్ చేయడం.