నురగ కన్నా ముందు కలబోత

షాంపేన్ మూత ఊడగానే ఉబికే నురగ ఇవాళ పండుగకు గుర్తు. మూడున్నర శతాబ్దాల కిందట ఈశాన్య ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతానికి అదే గుండెదడ. చలి ముంచుకొచ్చి, పీపాల్లో పులుస్తున్న ద్రాక్షరసం సగంలోనే ఆగిపోయేది. వసంతంలో వేడి తగలగానే మళ్లీ పులిసి బుడగలు కట్టేది.

1668 నుంచి ఓవిలే మఠంలో నేలమాళిగలు చూసుకున్న డామ్ పెరిన్యోన్ ఆ నురగను కనిపెట్టాడంటారు. నిజానికి ఆయన దాన్ని అణచాలనే చూశాడు. ఆయన గొప్పతనం మరోచోట ఉంది: వేర్వేరు తోటల పళ్లను పిండకముందే పాళ్లు చూసి కలిపేవాడు.

నురగను కోరి పుట్టించే కిటుకు ఇంగ్లండుకు ముందే తెలుసు. చక్కెర వేస్తే వైన్ బుడగలు కడుతుందని క్రిస్టఫర్ మెరెట్ 1662లోనే రాయల్ సొసైటీకి వివరించాడు. బొగ్గు కొలిమిలో చేసిన అక్కడి గాజు ఆ ఒత్తిడిని ఓర్చుకునేది. ఫ్రాన్స్‌లో షాంపేన్‌ను సీసాల్లో తరలించడానికి రాజానుమతి 1728లో గానీ రాలేదు.

ఆ తర్వాత వందేళ్లూ గండాలే. ఒక సీసా పేలితే పక్కవీ పేలేవి. పనివాళ్లు ముఖానికి ఇనుప ముసుగులు తగిలించుకుని మాళిగల్లోకి దిగేవారు. ఎంత చక్కెర వేయాలో 1830లలో షాలోన్ పట్టణపు ఫార్మసిస్టు ఫ్రాన్స్వా లెక్క కట్టాకే ఆ భయం తగ్గుముఖం పట్టింది. ఇప్పుడు లీటరుకు సుమారు 24 గ్రాములు. సీసాలో దాదాపు 6 వాతావరణాల ఒత్తిడి. ఇక చక్కెరతో సీసాలో రెండోసారి పులిశాక మిగిలే మడ్డిని తీసే సంగతి. ఇరవయ్యేడేళ్లకే భర్తను పోగొట్టుకుని షాంపేన్ వ్యాపారం భుజానికెత్తుకున్న మదామ్ క్లికో సంస్థలో 1816 ప్రాంతాన దానికి దారి దొరికింది. రంధ్రాల బల్లలో సీసాలను తలకిందులుగా వాల్చి, కొద్దికొద్దిగా తిప్పుతూ మడ్డిని మెడ దగ్గరికి దింపారు.

ఇన్ని యుక్తుల్లోనూ నా మనసు నిలిచేది కలబోత దగ్గరే. కోతల తర్వాత, రెండోసారి పులియబెట్టకముందే, చార్డొనే, పినో న్వార్, మెనియే ద్రాక్ష రకాల నుంచి తీసిన పదుల కొద్దీ వైన్లను రుచి చూస్తారు. అప్పటికి అవి నాలుక కోసేంత పుల్లన. మడ్డి మీద నెలలూ ఏళ్లూ నిలిచాక ఏ రుచి తేలుతుందో ఆ పులుపులోనే పసిగట్టాలి. మంచు పంటను కొట్టేసిన ఏడు, వానకు పండు పలచబడిన ఏడు, పాత సంవత్సరాల నిల్వలే ఆదుకుంటాయి. కొన్ని సంస్థల్లో ఆ నిల్వలకు పదేళ్లు దాటుతాయి. వాటిని దాచినవారు కలిపేనాటికి ఆ కొలువులో ఉండకపోవచ్చు.